కింది ఫ్లాట్ సిగరెట్ పొగ మీ ఇంట్లోకి వస్తోందా? గొడవ పడకుండా తేల్చుకోవడం ఎలా

"అన్నా, కింది ఫ్లాట్ ఆయన బాల్కనీలో సిగరెట్ కాలుస్తాడు, పొగంతా మా బెడ్‌రూమ్‌లోకి వస్తోంది, ఎలా చెప్పాలి?" నెలకి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు నన్నిది అడుగుతారు. అటువైపు ప్రశ్న కూడా వస్తుంది: "నా బాల్కనీలో నేను కాల్చుకుంటే పైవాళ్లకేంటి నొప్పి?" ఇద్దరికీ విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

నేను పద్నాలుగేళ్లు కాల్చాను, మానేసి ఆరేళ్లయింది. మధ్యలో రెండేళ్లు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా చేశాను, అంటే రెండువైపులా తిట్లు తిన్నవాణ్ణి. నాకు అర్థమైంది ఏంటంటే, ఇది ముందు గాలి సమస్య, ఆ తర్వాతే మర్యాద సమస్య. పొగ ఏ దారిన వస్తోందో తెలుసుకోకుండా మాటలకి దిగితే పని జరగదు. మాట్లాడేటప్పుడు కూడా అలవాటు జోలికి పోకుండా చోటు గురించి, టైం గురించే మాట్లాడాలి. "మానెయ్" అంటే ఎవరూ వినరు. "కొంచెం అటు మూలకి వెళ్లి కాల్చండి" అంటే చాలామంది వింటారు.

కావాల్సినవి

- ఒక ఊదుబత్తి, అగ్గిపెట్టె
- వారం రోజులు రాసుకోవడానికి చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్
- మూత ఉన్న పాత డబ్బా ఒకటి, రేకుదైతే మంచిది, అందులో సగం ఇసుక (ఇది కాల్చేవాళ్ల కోసం)
- తలుపు కింద సందు మూసే రబ్బరు పట్టీ, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది
- పది నిమిషాలు కోపం లేకుండా మాట్లాడే ఓపిక, ఇది మాత్రం షాపులో దొరకదు

1. పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు తేల్చుకోండి

సెక్రటరీగా నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. 402 వాళ్లు బాత్రూమ్‌లో రోజూ బీడీ వాసన వస్తోందని చెప్పారు. 302లో ఉండే కుర్రాడు కాలుస్తాడని బిల్డింగ్ అంతా తెలుసు కాబట్టి నేను తిన్నగా వెళ్లి అతని తలుపు కొట్టాను. "అన్నా, నేను బీడీ ఎప్పుడు తాగాను?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత తేలింది, 102లో టైల్స్ పని జరుగుతోంది, పనివాళ్లు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్కడి బాత్రూమ్‌లో కూర్చుని కాలుస్తున్నారు, ఆ పొగ డక్ట్‌లోంచి (బాత్రూమ్‌ల వెనక కిందినుంచి పైదాకా ఉండే గొట్టం లాంటి ఖాళీ) పైకెక్కి నాలుగో అంతస్తులో తేలుతోంది. ఆ కుర్రాడు ఆరు నెలలు లిఫ్ట్‌లో నా మొహం చూడలేదు. తప్పు నాదే, అతన్ననుకుని ఏం లాభం.

మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్లు చాలావరకు ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి కింద ఎవరు కాల్చినా ఆ గొట్టం పొడవునా ఉన్న ఇళ్లన్నీ పంచుకోవాల్సిందే. అందుకే ఊదుబత్తి పరీక్ష చేయండి. ఇంట్లో ఫ్యాన్లు, ఎగ్జాస్ట్ అన్నీ ఆపండి. బాత్రూమ్ తలుపు కొంచెం తెరిచి పెట్టి, వెలిగించిన ఊదుబత్తిని వెంటిలేటర్‌కి జానెడు దూరంలో కదలకుండా పట్టుకోండి. పొగ వెంటిలేటర్ వైపు వంగితే గాలి బయటికి పోతున్నట్టు, మీ మొహం మీదికి వంగితే లోపలికి వస్తున్నట్టు.

ఇప్పుడు వంటగదిలో చిమ్నీ వేసి మళ్లీ చూడండి. మా ఇంట్లో చిమ్నీ ఆపి ఉన్నప్పుడు పొగ దారంలా నిటారుగా లేచింది, వేసిన రెండు మూడు సెకన్లకే నా చొక్కా వైపు పడుకుంది. కారణం పెద్దదేమీ కాదు. చిమ్నీ ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంది, ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడాలి, కిటికీలన్నీ మూసుంటే ఆ గాలి బాత్రూమ్ వెంటిలేటర్లోంచే వస్తుంది, వస్తూ వస్తూ డక్ట్‌లో ఉన్నదంతా మోసుకొస్తుంది. రాత్రి తొమ్మిదికి వంట మొదలుపెట్టిన ప్రతిసారీ వాసన వస్తోందంటే సగం తప్పు మీ చిమ్నీదే కావచ్చు.

ఇదే పరీక్ష బాల్కనీ తలుపు దగ్గర, మెయిన్ డోర్ కింద సందు దగ్గర కూడా చేయండి. అసలు వాసన వచ్చే టైంలో మాత్రం చేయకండి, ఊదుబత్తి వాసనలో ఏది ఏదో తెలీదు.

2. వారం రోజులు రాయండి

తేదీ, టైం, ఏ గదిలో, ఎంతసేపు. అంతే. ఎవరి మీదా అనుమానాలు రాయొద్దు, ఆ నోట్‌బుక్ రేపు వాళ్లకే చూపించాల్సి రావచ్చు. "రోజంతా పొగే" అనిపించే ఇంట్లో కూడా రాసి చూస్తే సాధారణంగా రెండు మూడు టైంలే తేలతాయి: పొద్దున కాఫీ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి, ఐటీవాళ్లయితే అర్ధరాత్రి కాల్ అయ్యాక ఇంకోటి. ఈ మూడు టైంలు చేతిలో ఉంటే మాట్లాడటం సులువు.

3. ముందు మీవైపు సందులు మూయండి

"వాళ్లు కాలిస్తే నేనెందుకు ఖర్చు పెట్టాలి?" అని అడుగుతారు. న్యాయమే. కానీ ఇది చిన్న ఖర్చుతో అయ్యే పని, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. పైగా తర్వాత మాట్లాడటానికి వెళ్లినప్పుడు "మేం చేయగలిగింది చేశామండీ" అనొచ్చు. ఆ మాటకున్న బలం వేరు.

- చిమ్నీ వేసే ముందు డక్ట్‌కి దూరంగా ఉన్న కిటికీ ఒకటి బెత్తెడు తెరవండి. గాలి అటునుంచి వస్తుంది.
- వాడని బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌లో, అంటే నేలమీద నీళ్లు పోయే జాలీలో, ఒక మగ్గు నీళ్లు పోయండి. అది ఎండిపోతే పైపులో వాసనలన్నీ మీ ఇంట్లోకే.
- ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి వెనక రేకుల షట్టర్ ఉందో లేదో చూడండి. ఫ్యాన్ ఆగినప్పుడు దానంతటది మూసుకునే రకం వేయించుకోండి.
- బాత్రూమ్ తలుపు కింద రబ్బరు పట్టీ.

జాగ్రత్త: బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే వెంటిలేటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, ప్రాణం పోతుంది. సిగరెట్ పొగ తప్పించుకోబోయి దాన్ని తెచ్చుకోకండి.

రూమ్ ఫ్రెష్‌నర్ కొడితే పొగకి మల్లెపూల వాసన తోడవుతుంది, అంతే. ఎయిర్ ప్యూరిఫయర్‌లో హెపా ఫిల్టర్ నుసిని పడుతుంది గానీ వాయువుల్ని పట్టదు, వాసనకి బొగ్గు ఫిల్టర్ కావాలి, అది కూడా కొంతవరకే. చాలా స్ప్లిట్ ఏసీలు బయటి గాలిని తీసుకోవు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి కాబట్టి, లోపలికి వచ్చిన పొగ అక్కడే తిరుగుతుంది.

4. మాట్లాడటం

ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మొదటి నియమం: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. "301 వాళ్లు దయచేసి బాల్కనీలో స్మోక్ చేయకండి" అని మీరు ఒక్క లైన్ రాస్తారు. 301లో ఆయన భార్యకి ఆయన మానేశాడని నమ్మకం, ఆయన తల్లి కూడా అదే గ్రూపులో ఉంది. మన దగ్గర కాల్చేవాళ్లలో చాలామంది ఇంట్లో దాచి కాలుస్తారు, ఆ సంగతి మర్చిపోవద్దు. మీ మెసేజ్ వల్ల వాళ్లింట్లో గొడవ మొదలైతే ఆయన ఇక జన్మలో మీ మాట వినడు. అదే కారణంగా ఆంటీతో చెప్పించడం, పిల్లలతో చెప్పించడం కూడా వద్దు. ఆయనతోనే, ఒంటరిగా ఉన్నప్పుడు.

రెండో నియమం: కాలుస్తున్నప్పుడు వెళ్లి చెప్పొద్దు. చేతిలో సిగరెట్ ఉన్న మనిషి పట్టుబడ్డ దొంగలా ఫీలవుతాడు, వెంటనే ఎదురు మాట్లాడతాడు. (పద్నాలుగేళ్ల అనుభవంతో చెబుతున్నా.) ఆదివారం పొద్దున పార్కింగ్‌లో బండి తుడుచుకుంటున్నప్పుడు బెస్ట్.

మీ వయసువాళ్లయితే ఇలా: "బ్రో, చిన్న హెల్ప్. రాత్రి పదింటప్పుడు మీ బాల్కనీ నుంచి పొగ మా బాబు గదిలోకి తిన్నగా వస్తోంది. మీకు తెలిసుండదు. ఆ టైంలో రోడ్డువైపు బాల్కనీలో గానీ టెర్రస్ మీద గానీ కాలిస్తే మాకు చాలు."

పెద్దవాళ్లయితే: "అంకుల్, మిమ్మల్ని ఒకటి అడగాలి, ఏమీ అనుకోవద్దు. అమ్మకి ఆయాసం ఉంది. మీరు పొద్దున కాల్చేటప్పుడు గాలి మావైపు తిరుగుతోంది. కొంచెం ఆ చివర నిలబడితే సరిపోతుందండీ."

ఈ రెండింట్లోనూ టైం ఉంది, చోటు ఉంది, ఎవరికి ఇబ్బందో ఉంది. క్యాన్సర్ లేదు, "మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నా" లేదు. ఆ బొమ్మ ప్యాకెట్ మీద రోజూ చూస్తూనే కాలుస్తున్నాడు, మీరు కొత్తగా చెప్పేదేముంది?

"నా ఇల్లు, నా ఇష్టం" అంటే అక్కడితో ఆపేయండి. "సరేనండీ, ఒకసారి ఆలోచించండి" అని వచ్చేయండి. మొదటిరోజు మొండికేసినవాళ్లలో కొందరు నాలుగోరోజు నుంచి టెర్రస్ మీదికి వెళ్లడం నేను చూశాను, ఒప్పుకున్నట్టు మాత్రం కనపడరు. కనపడక్కర్లేదు కూడా.

5. కాల్చేవాళ్లు చేయాల్సింది

ఈ భాగం మీకు. పక్కవాళ్ల పొగ పీల్చడానికి ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దేమీ లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది, కాబట్టి "ఒక్కటేగా" అన్న వాదన ఆపేద్దాం.

చోటు ఎంచుకోండి. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ వేసి కాల్చడం చాలామందికి భద్రమైన పద్ధతి అనిపిస్తుంది, నిజానికి అన్నిటికంటే చెడ్డది అదే, మీరు పొగని నేరుగా డక్ట్‌లోకి పంపు కొట్టినట్టు. మెట్లమీద కాలిస్తే అది ప్రతి ఇంటి తలుపు కిందికీ వెళుతుంది. కిటికీ దగ్గర నిలబడి బయటికి ఊదితే సరిపోతుందనుకుంటారు, కానీ ఎక్కువ పొగ మీరు ఊదినదాంట్లో ఉండదు, వేళ్ల మధ్య ఊరికే కాలుతున్న కొసనుంచి వస్తుంది, గాలి ఇటు తిరిగితే అది ఇంట్లోకే. టెర్రస్ మీద అయితే బట్టల తీగకీ లిఫ్ట్ రూమ్ కిటికీకీ దూరంగా, డక్ట్ పైకప్పు పక్కన కాకుండా ఒక మూల. అక్కడ నిలబడి మీరే ఒకసారి ఊదుబత్తి వెలిగించి చూడండి, పొగ ఎవరింటి వైపు పోతోందో తెలుస్తుంది.

పీకల సంగతి. బాల్కనీలోంచి విసిరిన పీక కింద ఆరేసిన చీర మీద పడి శనగగింజంత కన్నం పడితే ఆ పంచాయితీ నేను తీర్చాను, పట్టు చీర, ఇక ధర అడక్కండి. పూలకుండీలో గుచ్చడం కూడా తప్పే: కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన మట్టి ఎండిపోయుంటే మంట లేకుండానే గంటలకొద్దీ లోలోపల రాజుకుంటుంది. పీకలో ఉన్న ఫిల్టర్ దూది కాదు, ఒకరకం ప్లాస్టిక్, మట్టిలో ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. అందుకే ఇసుక డబ్బా. కాల్చడం అయ్యాక గుచ్చి, మూత పెట్టేయండి. సగం నిండాక నీళ్లు పోసి, పూర్తిగా తడిశాకే చెత్తలో వేయండి.

చివరి దమ్ము తర్వాత వెంటనే లిఫ్ట్ ఎక్కొద్దు. ఊపిరిలో ఇంకా పొగ ఉంటుంది, ఇరుకు డబ్బాలో పక్కన నిలబడ్డవాళ్లకి అది తెలుస్తుంది. ఐదు నిమిషాలు ఆగండి, లేదా మెట్లెక్కండి. ఇంట్లో పసిపిల్ల ఉంటే టెర్రస్‌కి వేసుకెళ్లే చొక్కా ఒకటి విడిగా పెట్టుకుని, వచ్చాక అది విప్పేసి చేతులు, మొహం కడుక్కుని ఎత్తుకోండి. దీనివల్ల బిడ్డకి ఏమీ కాదని చెప్పను, కొంత తగ్గుతుంది.

మానాలని మీకే అనిపిస్తే 1800 112 356కి ఫోన్ చేయండి, ఉచితం, నంబర్ ప్యాకెట్ మీదే ఉంటుంది. నేను ఇంకో మాట అనను.

6. అసోసియేషన్ ద్వారా చేయాలంటే

"పొగతాగరాదు" బోర్డు ఒక్కటే పెడితే జనం బోర్డు కిందే కాలుస్తారు. ఎక్కడ వద్దో చెప్పేటప్పుడు ఎక్కడ కాల్చొచ్చో కూడా చెప్పాలి. మేం మీటింగ్‌లో పెట్టిన తీర్మానం ఒక్క వాక్యం: లిఫ్ట్, మెట్లు, కారిడార్, పిల్లల ఆటస్థలంలో కాల్చకూడదు, టెర్రస్ ఈశాన్య మూలలో ఇసుక డబ్బా ఉంటుంది, అక్కడ కాల్చుకోవచ్చు. ఈశాన్యం ఏంటని ఒక పెద్దాయన వాస్తు అభ్యంతరం చెప్పారు, నైరుతికి మార్చాం. గాలికి అదే మంచిదైంది.

చట్టం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, అందరూ కోట్పా అంటారు, దాని కింద 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆఫీసులు, మాల్స్, హోటళ్లు, సినిమా హాళ్లు, బస్టాపులు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా. అలాంటి చోట్ల ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ మనిషి పేరు కనబడేలా రాసి పెట్టాలి, యాష్‌ట్రేలు పెట్టకూడదు. మీ ఆఫీసు మెట్లమీద యాష్‌ట్రే ఉంటే అడగడానికి ఇది పనికొస్తుంది. కానీ ఈ చట్టం మనిషి సొంత ఫ్లాట్ లోపలికి రాదు. "పోలీసులకి చెబుతా" అని బాల్కనీ గొడవలో బెదిరించకండి, వాళ్లకి అది తెలిస్తే మీ మాట పోతుంది.

7. ఇల్లు కాకుండా వేరేచోట్ల

*రూమ్మేట్స్:* అమీర్‌పేట లాంటి చోట ముగ్గురు కలిసి గది తీసుకునేటప్పుడు అద్దె, కరెంటు బిల్లుతో పాటు ఇది కూడా మొదటిరోజే మాట్లాడుకోండి. చేరాక చెబితే "అప్పుడు చెప్పలేదేంట్రా" అంటారు.

*ఇంటికొచ్చే పెద్దలు:* మావయ్యగారు వచ్చి హాల్లో సిగరెట్ వెలిగిస్తే కోడలు ఏమంటుంది? వెలిగించాక ఏమన్నా తప్పే అవుతుంది. అందుకే ఆయన రాకముందే బాల్కనీలో కుర్చీ, పక్కన స్టూలు మీద పేపరు, ఇసుక డబ్బా పెట్టేయండి. "మావయ్యా, మీకు గాలి తగిలేలా కుర్చీ అక్కడ వేశాను, కాఫీ అక్కడికే తెస్తాను." అంతే, అది అభ్యంతరం కాదు, మర్యాద అయిపోయింది. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు, అడ్డపొగ అలవాటు, అంటే చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆవిడకి కూడా అరుగుమీద ఒక పీట ఉండేది, ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఆవిడ లోపలికి తేలేదు.

*రైలు:* టాయిలెట్‌లో కాలిస్తే ఎవరికీ తెలీదనుకోవద్దు. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందే భారత్‌లో టికెట్ లేని మనిషి ఒకడు టాయిలెట్‌లో సిగరెట్ ముట్టిస్తే అలారం మోగి, నెల్లూరు జిల్లా మనుబోలు దగ్గర రైలు ఆగిపోయింది. మీకు పొగ ఇబ్బందైతే నేరుగా గొడవపడకుండా టీటీఈకి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి.

తగ్గిందో లేదో చూసుకోవడం

ముక్కుని నమ్మొద్దు. కోపంగా ఉన్నప్పుడు లేని వాసన కూడా వస్తుంది, అలవాటైతే ఉన్నదీ తెలీదు. మాట్లాడిన రెండు వారాల తర్వాత మళ్లీ ఒక వారం అదే నోట్‌బుక్‌లో రాయండి. మొదటి వారం పద్దెనిమిది ఎంట్రీలుండి ఇప్పుడు ఐదున్నాయంటే అది గెలుపే, సున్నా అయ్యేదాకా వెంటపడకండి. ఊరినుంచి వచ్చిన చుట్టాన్ని ఇంట్లోకి అడుగుపెట్టగానే ఏమైనా వాసన వస్తోందా అని అడగండి, వాళ్ల ముక్కు అబద్ధం చెప్పదు. మెట్లు ఊడ్చే ఆవిడని అడిగితే ఇంకా కచ్చితమైన లెక్క దొరుకుతుంది. మా బిల్డింగ్‌లో ఊడ్చే ఆవిడైతే "రెండో అంతస్తు మలుపులో రోజుకి ఆరేడు పీకలుండేవి సార్, ఇప్పుడు ఒకటో రెండో" అని చెప్పింది, ఏ కమిటీ రిపోర్టూ అంత స్పష్టంగా ఉండదు.

ఏమీ మారకపోతే ఊదుబత్తి పరీక్ష మళ్లీ చేయండి, సగంసార్లు దారి వేరే అయ్యుంటుంది. అప్పటికీ అదే ఇల్లని తేలితే ఇంకోసారి మీరే మాట్లాడండి, ఆ తర్వాత సెక్రటరీని తోడు తీసుకెళ్లండి, ఆ తర్వాతే లెటర్. ఈ వరస తప్పించొద్దు.

అద్దెకి కొత్తవాళ్లు దిగితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మా బిల్డింగ్‌లో తాళాలు ఇచ్చేరోజే వాచ్‌మన్ వాళ్లని తీసుకెళ్లి మోటార్ స్విచ్, చెత్త డబ్బాలు, టెర్రస్ మీద ఇసుక డబ్బా, ఈ మూడూ చూపించి వస్తాడు. మీరు కాలుస్తారా అని మాత్రం అడగడు.